గిర్దావర్‌కు నేను చెప్పిన సాక్ష్యం

పోయిన ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు చేతులెత్తమన్నప్పుడు, ఆ హాలు మొత్తానికి ఎత్తనిదాన్ని నేనొక్కదాన్నే.

మా ఆరాధన ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనం నాలుగో అంతస్తులో జరుగుతుంది. వారమంతా ఎవరెవరో ట్రైనింగులు ఇచ్చుకునే హాలును ఆదివారం పొద్దున మాకు ఇస్తారు. మెత్తటి కుర్చీలు, వణుకు పుట్టించే ఏసీ, గిటార్లు, తెర మీద పాటల అక్షరాలు. వచ్చేవాళ్లలో సగానికి పైగా సాఫ్ట్‌వేర్ పిల్లలే. నన్ను ఆంటీ అంటారు, మా అక్కను బామ్మగారు అంటారు. ఆమె నాకంటే ఏడేళ్లే పెద్దదని చెబితే మర్యాదకు తలూపుతారు గాని నమ్మరు. పాస్టరు గారు గుంటూరు వైపు కుర్రాడు, మంచివాడు, గొంతు కూడా మంచిది. ఆ రోజు మొదటి శతాబ్దాల్లో నమ్మకం కోసం ప్రాణాలిచ్చిన హతసాక్షుల గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుని, "ఇవాళ మిమ్మల్ని ఎవరైనా నిలబెట్టి, నువ్వు క్రీస్తు మనిషివేనా అని అడిగితే, ఎంత నష్టం వచ్చినా సరే ఔనని చెప్పేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

చేతులన్నీ లేచాయి. మోకాళ్ల నొప్పులతో లేవలేని మా అక్క కూర్చునే రెండు చేతులూ ఎత్తింది. నేను నా చేతులు ఒళ్లో పెట్టుకుని అద్దంలోంచి కిందికి చూస్తూ ఉండిపోయాను. ఆ భవనానికి పునాది తవ్విన చోట ఒకప్పుడు మా అమ్మ కంకర కొట్టేది.

తిరిగి వస్తుంటే క్యాబులో అక్క అడగనే అడిగింది. "ఏందే, చెయ్యి ఎత్తలే? భుజం గుంజుతుందా?"

"ఆ, గుంజుతుంది" అన్నాను. అది అబద్ధం. ఆ ప్రశ్న అడిగే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. జవాబు నలభై ఏళ్లకు పైగా నా దగ్గర ఉండిపోయింది.

అప్పుడు అక్కడంతా రాళ్లే. ఒక దాని మీద ఒకటి ఎవరో ఎక్కించి మరిచిపోయినంత పెద్ద గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, తుమ్మలు. మధ్యాహ్నం క్వారీలో మందు పేల్చే ముందు ఒకాయన ఎర్రగుడ్డ ఊపుతూ అరిచేవాడు. చెవులు మూసుకోమంటే మేం పిల్లలం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. పేలిన మందు వాసన, వేడెక్కిన రాయి వాసన, సాయంత్రం అయితే తుమ్మకట్టె పొయ్యిల పొగ. నాన్న సైకిలు మీద బాలానగర్‌లో ఒక కార్ఖానాకు పోయేవాడు. ఆయన ఇంటికి వస్తే చొక్కా నుంచి నూనె, ఇనప రజను కలిసిన వాసన వచ్చేది. ఆ వాసన వస్తే ఇక రొట్టెలు మొదలు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎప్పుడైనా తాడు మీద ఎండేసిన మాంసం తునకల కూర. ఆ తునకలకు కాకుల నుంచి కాపలా నాది. కాకుల కంటే నేనే ఎక్కువ తినేశానని అమ్మ లెక్క తేల్చి వీపు విమానం మోత మోగించేది.

మా వాడ ఊరికి ఎడంగా ఇరవై ఇళ్లు. తాతల కాలం నాడే ప్రభువును నమ్ముకున్నవాళ్లం. నమ్ముకున్నంత మాత్రాన కులం ఎక్కడికీ పోలేదు. ఊరి బావి దగ్గర మమ్మల్ని దూరంగా నిలబెట్టి కుండలో నీళ్లు వంచేవాళ్లు ఒక్కనాడైనా మా మతం ఏదని అడగలేదు. మతం అడిగేది సర్కారు కాగితం ఒక్కటే. అందులో క్రైస్తవులమని రాస్తే, మా కులానికి చదువుల్లో ఉన్న సీట్లు మాకు దక్కవు. అందుకని మా పిల్లలందరికీ రెండేసి పేర్లు ఉండేవి. బడిలో పంతులు పిలిచే పేరు ఒకటి, ఆదివారం పలికే పేరు ఒకటి. రెండింటికీ తడుముకోకుండా పలికేదాన్ని. అది అబద్ధమని ఎవరికీ అనిపించేది కాదు, అది మా బతుకు తీరు.

గుడి అంటే రేకుల షెడ్డు. గంటకు బదులు ఒక రైలుపట్టా ముక్క వేలాడదీశారు. నెలకోసారి పాస్టరు గారు స్కూటర్ మీద వచ్చి రొట్టె విరిచి పోయేవారు. మిగతా ఆదివారాలన్నీ వాక్యం చెప్పే ఉపదేశి తాతవే. ఆయన మెదక్ వైపు మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. షెడ్డు వెనక ఉండటానికి ఒక అర్ర, ఒక ట్రంకు పెట్టె, కుడి కంట్లో పువ్వు. ఆరాధన అయ్యాక పిల్లలను చాప మీద కూర్చోబెట్టుకుని, అట్ట ఊడిన ఒక పాత పుస్తకంలోంచి హతసాక్షుల కథలు చెప్పేవాడు. ఆ పేర్లు మాకు నోరు తిరిగేవి కావు, మనుషులు మాత్రం మా వాడలోనే తిరుగుతున్నట్టు ఉండేది.

స్ముర్న పట్టణంలో ఒక ముసలి బిషప్పు. "పట్టుకపోనీకి వస్తే ఆ జవాన్లకే అన్నం పెట్టించిండు బిడ్డా" అనేవాడు తాత. "తొవ్వల పోలీసు పెద్ద బతిమిలాడిండు. చక్రవర్తికి చిటికెడు సాంబ్రాణి ఎయ్యి తాతా, ఏం పోతది, ఇంటికి పోదువు అన్నడు. ముసలాయన ఇననే ఇనలే." ఇంకో ఊళ్లో ఒక పరిచారకుడు. పేరేమిటన్నా, ఊరేదన్నా, కులమేదన్నా, చిత్రహింసలు పెట్టినా, ఒకటే మాట, నేను క్రైస్తవుణ్ణి అని. మూడో కథ చంటిబిడ్డ తల్లిది. ఆమెను కూడా చెరలో వేశారు. ఆమె తండ్రి ముసలాయన, పసిబిడ్డను ఎత్తుకుని వచ్చి, నా నెరిసిన తలను చూడు, ఈ బిడ్డను చూడు, కాదని ఒక్క మాట చెప్పు అని కూతురి చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆమె చెప్పలేదు. ఆ తండ్రిని అక్కడే కర్రలతో కొట్టారు. ఈ తండ్రి దగ్గరికి వచ్చేసరికి తాత ఆగిపోయేవాడు. కళ్లద్దాలు తీసి పంచెతో చాలాసేపు తుడుచుకునేవాడు. మాకేమో వాళ్ల మీదికి వదిలే సింహాలు ఎప్పుడొస్తాయా అని తొందర.

కథ అయిపోగానే గుండ్ల మధ్య మా ఆట మొదలు. గోనెసంచి కప్పుకున్నది సింహం. హతసాక్షి ఎవరన్న దానికి ప్రతిసారీ కొట్లాటే, ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. ఒకసారి సింహం నిజంగానే నా మోచేతి మీద కరిచింది. ఏడవకుండా ఆకాశం వైపు చూశానని వారం రోజులు గొప్పలు చెప్పుకున్నాను.

ఆ ఏడే అక్క పదో తరగతి పాసయింది. మా వాడలో అంత చదివిన మొదటి ఆడపిల్ల. పెద్ద దవాఖానలో నర్సు ట్రైనింగుకు పేరు పెట్టుకుంది. పక్కింటి మేక కాలు విరిగితే వెదురు బద్దలు కట్టి నడిపించిన పిల్ల, ఇంకేం కావాలనుకుంటుంది! సీటు దాదాపు వచ్చినట్టేనన్నారు. కులం కాగితం ఒక్కటి కావాలి. దాని కోసం తహసీల్ ఆఫీసు నుంచి గిర్దావర్ అనే అధికారి ఇంటికొచ్చి విచారణ చేస్తాడు.

విచారణకు ఇల్లు సర్దడం మా వాడ ఆడవాళ్లందరికీ తెలిసిన పనే. అమ్మ గోడ మీది వాక్యాల క్యాలెండర్ తీసేసి కిరాణా షాపు వాడిచ్చిన లక్ష్మీదేవి క్యాలెండర్ తగిలించింది. మట్టలాదివారం నాడు గుమ్మానికి కట్టిన తాటాకు సిలువ విప్పింది. బైబులును గుడ్డలో చుట్టి జొన్నల గుమ్మిలో లోపలికంటా తోసింది. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన కుంకుమ అక్కకు, నాకు పెట్టింది. "ఎవరన్న ఏదన్న అడిగితే తలకాయ ఊపు. నోరు తెరిచినవంటే తోలు తీస్త" అంది నాతో.

అన్న రోజు గిర్దావర్ రాలేదు. మరునాడూ రాలేదు. మధ్యలో ఆదివారం వచ్చింది. అక్క నుదుటి మీద సగం చెరిగిన ఎరుపు చూసి ఉపదేశి తాత ప్రార్థన మధ్యలో, "రాత కోసం రూపు మార్చుడు మంచిది కాదు బిడ్డలారా. చిటికెడే గదా అనిపిస్తది" అన్నాడు. గుడి బయట నాన్న ఆయన మీదికి పోయాడు. "నీకేంది, పిల్లలా జెల్లలా! మా బాధ నీకేమెరుక?" తాత తల వంచుకున్నాడు. నేను అదంతా విన్నాను. చిటికెడు అన్న మాట దగ్గర నాకు స్ముర్న బిషప్పు గుర్తొచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం గిర్దావర్ వచ్చాడు. అమ్మ క్వారీలో ఉంది, నాన్న కార్ఖానాలో. అక్క ఫొటో దిగడానికి పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే, వయసు పదేళ్లు, నుదుట బొట్టు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండన పడి వచ్చాడు, మంచం మీద కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. గోడ మీది క్యాలెండర్ చూశాడు. "మీరు ఏ దేవుణ్ణి మొక్కుతరు బిడ్డా? ఏదో ఒకటి చెప్పు, రాసుకొని పోత" అన్నాడు. తాత కథలోని పోలీసు పెద్దే నాకు ఎదురుగా కూర్చున్నాడు. నేను లేచి నిలబడ్డాను, గౌను అంచుతో బొట్టు తుడిచేశాను.

"మేం క్రైస్తవులం" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ నాయిన పేరేంది?"

"మేం క్రైస్తవులం."

"ఏ బడిల చదువుతున్నవ్?"

"మేం క్రైస్తవులం."

ఆయన నవ్వు ఆగిపోయింది. నన్నే చూస్తూ, ఈ మాట ఎవరు నేర్పారని అడిగాడు. నేను గుమ్మి దగ్గరికి పోయి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, బైబులు తీసి, అంటుకున్న జొన్నలు దులిపి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తెరవలేదు. కాసేపు పట్టుకుని మంచం మీద పెట్టాడు. "అయ్యో బిడ్డా" అన్నాడు. తన పుస్తకం మూసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకున్న సంతోషం మళ్లీ నా జన్మలో కలగలేదు, సిగ్గు లేకుండా చెబుతున్నాను. బైబులు మళ్లీ గుమ్మిలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. హతసాక్షులు గొప్పలు చెప్పుకోరని అనుకున్నాను.

మూడు వారాలకు కాగితం వచ్చింది, క్రైస్తవులని. సీటు పోయింది. అమ్మ గడపలో కూలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అక్క ఏడవలేదు. దిగిన ఫొటోలు కవరులో పెట్టి కవరును పెట్టెలో పెట్టింది. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. సింహం నా మీదికి రాలేదు, అక్క మీదికి పోయింది.

"ఎవరో చెప్పిన్రు" అన్నాడు నాన్న. "ఎవరో ఏంది, ఆ ముసలోడే. రూపు మార్చుడు అని గుళ్లె అననే అన్నడు." సాయంత్రానికల్లా వాడంతా అదే మాట.

నేను పరిగెత్తుకుని ఉపదేశి తాత దగ్గరికి పోయాను. ఆయన చాప చివర్లు అల్లుకుంటున్నాడు. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. బొట్టు తుడవడం, ఆ మాట, బైబులు, అన్నీ. ఆయన చేతుల్లో ఈతాకు ఆగిపోయింది.

"ఎవరికన్న చెప్పినవా?"

"లే."

"మీ అక్కకు?"

నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "కథలు చెప్పినోణ్ణి నేను. తండ్రి ఏడ్చిండని చెప్పిన గాని, ఎందుకు ఏడ్చిండో చెప్పలే మీకు" అన్నాడు. "నువ్వు చిన్నదానివి. ఇది నీ మీద పడితే నువ్వు లేవలేవు. పో, ఇంటికి పో."

పోయాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను. బరువు దిగిపోయిందని నాకు ఆకలేసింది. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ కాల్చింది గిర్దావర్‌కు చెప్పిన మాట కాదు, ఆ తిండి.

ఆదివారం నాన్న షెడ్డు మధ్యలో లేచి నిలబడ్డాడు. "ఉపదేశీ, అందరి ముందట అడుగుతున్న. సర్కారోళ్లకు చెప్పింది నువ్వేనా?"

ఆయన ఔనంటే అబద్ధం, కాదంటే నేను. నేను ముందు వరుసలో చాప మీదే ఉన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. చివరికి, "పిల్ల చదువు నా మాటలతోనే పోయింది. నన్ను క్షమించున్రి" అన్నాడు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. వాడ మొత్తం దాన్ని ఒప్పుకోలు కిందే తీసుకుంది. ఎవరో థూ అన్నారు. నేను నోరు తెరవలేదు. పరాయి అధికారి ముందు మూడుసార్లు చెప్పిన నోరు, మా వాళ్ల ముందు ఒక్కసారీ పెగలలేదు.

మా ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యమో జొన్నలో పక్కన తీసి, ఆదివారం గుళ్లో గంపలో పోసేవాళ్లు. ఉపదేశికి ఇంకో జీతం లేదు, అదే ఆయన తిండి. ఆ వారం నుంచి గంప ఖాళీగా వచ్చి ఖాళీగా పోయింది. ఆయన మాత్రం రైలుపట్టా కొట్టడం మానలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చినా వాక్యం చెప్పాడు. పిల్లలను పంపేవాళ్లు కాదు. రెండు నెలలు గడిచాక ఒక పొద్దున ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని హఫీజ్‌పేట్ స్టేషను వైపు నడిచిపోయాడు. నేను సీతాఫలం చెట్టు చాటున నిలబడి చూశాను. మళ్లీ ఆయన కబురు లేదు.

అక్క బాలానగర్‌లో ప్యాకింగ్ పనికి కుదిరింది. తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, తాగి తాగి పోయిన మొగుడు. గుండ్లు పగలగొట్టి అద్దాల భవనాలు లేపాక వాటిలోనే హౌస్‌కీపింగ్. ఇరవై ఏళ్లు బాత్రూములు కడిగింది, మోకాళ్లు అక్కడే పోయాయి. ఇక నా సంగతి. నా వంతు వచ్చినప్పుడు, ఇక్కడ క్రైస్తవులమని రాసేశారు గనక, అమ్మమ్మ ఊరి నుంచి కాగితం తెచ్చారు. విచారణకు వచ్చినాయన ముందు బొట్టు పెట్టుకుని నిలబడ్డాను, తల ఊపాను, టీచరు ఉద్యోగం సంపాదించుకున్నాను. ఆ బొట్టు నాకు పెట్టింది అక్కే. "కదలకు, వంకర పోతది" అంటూ గడ్డం పట్టుకుని పెట్టింది.

హతసాక్షులను నేను ఇప్పటికీ నమ్ముతాను. వాళ్లు తమ ప్రాణం ఇచ్చారు. నేను అక్క చదువును ఇచ్చి వచ్చాను. ఆ ముసలి తండ్రి కన్నీళ్లు తెలిసే ఆ తల్లి ఆ మాట చెప్పింది. నాకు అప్పుడు ఎవరి కన్నీళ్లూ తెలియవు. అందుకే అన్ని చేతులు ఒక్కసారి లేచినప్పుడు నాకు భయమేసింది. నష్టం ఎవరికి వస్తుందని ఆ పిల్లల్లో ఒక్కరూ అడగలేదు. సాక్ష్యం అంటే ఏమిటో నేను పుస్తకంలో నేర్చుకోలేదు, చెయ్యని దానికి తల వంచి నిలబడ్డ ఒక ముసలాయన దగ్గర చూశాను. చూసి కూడా దాచిపెట్టాను.

ఆ ఆదివారం ఇంటికి వచ్చాక అక్కకు చాయ్ పెట్టి ఇచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పేశాను. ఇక తర్వాత అనుకుంటే ఇద్దరిలో ఒకరం ఉండం. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఈ వయసులో కొట్టినా పడదామనుకున్నాను.

"బైబులు నువ్వే తీసిచ్చినవా?" అంది.

"నేనే."

"గుమ్మిలకెల్లి?"

"ఆ."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. నర్సు ట్రైనింగు మాట ఎత్తుతుందని చూస్తున్నాను. ఆమె కళ్లు ఎటో ఉన్నాయి. "నేనే గదనే అమ్మతోని లొల్లి పెట్టుకున్నది" అంది. "ఆ ముసలోనికి ఒక్క గింజ పోస్తే నేను ఇంట్ల ఉండ అన్న. అమ్మ పోస్తనన్నది, నేనే పోయనియ్యలే. నన్ను చూసి అందరు బంద్ జేసిన్రు." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "రెండు నెలలు గదనే! ఏం తిన్నడే ఆయన?"

నాకు తెలియదు. అప్పుడు మా వాడలో ఇరవై ఇళ్లున్నాయి, ఒక్కరం కూడా పోయి చూడలేదు.